దోమకో అణా

క్విజ్ ప్రశ్న మంచిదో కాదో తేల్చుకోవడానికి నేనొక పద్ధతి పెట్టుకున్నాను. జవాబు తెలియని మనిషి ఆ ప్రశ్న విని ఏం చేస్తాడో చూస్తాను. కాసేపు తల గోక్కుని పక్కవాడితో గుసగుసలాడితే ప్రశ్న బాగున్నట్టు. వెంటనే 'పాస్' అనేస్తే, అది ఎంత కష్టమైన ప్రశ్నయినా పేలవమైనదే.

'మలేరియా దోమల ద్వారా వ్యాపిస్తుందని నిరూపించింది ఎవరు?' అన్న ప్రశ్న ఏ బిట్ బ్యాంక్ తిరగేసినా ఉంటుంది. రొనాల్డ్ రాస్ అని బట్టీ పట్టినవాడు టక్కున చెప్పేస్తాడు. పట్టనివాడికి చేయగలిగిందేమీ లేదు, గోడవైపు చూస్తూ కూర్చోవాలి. అదే సంగతిని ఇంకోలా అడగొచ్చు. '1897 ఆగస్టులో సికింద్రాబాద్‌లో హుసేన్ ఖాన్ అనే రోగి కావాలని దోమలతో కుట్టించుకున్నాడు. దోమకో అణా చొప్పున అతనికి డబ్బిచ్చిన సైనిక వైద్యుడికి అయిదేళ్ళ తర్వాత దక్కిన గౌరవం ఏమిటి?'

ఈ ప్రశ్నను గోపన్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో అడిగాను. ఆదివారం సాయంత్రాలు అక్కడ క్విజ్ పెడుతుంటాం. పిల్లలంతా ఒక జట్టు, పెద్దలంతా ఒక జట్టు అని విడదీయం. ప్రతి జట్టులోనూ బడికి వెళ్ళే పిల్లలు, ఉద్యోగస్తులు, ఊళ్ళ నుంచి వచ్చి కొడుకుల దగ్గరో కూతుళ్ళ దగ్గరో ఉంటున్న పెద్దవాళ్ళు కలిసి ఉండాలన్నది నియమం. ప్రశ్న వినగానే ఒక ఏడో తరగతి పిల్లవాడు "అణా అంటే ఎంత నానమ్మా?" అన్నాడు. రూపాయికి పదహారణాలని ఆవిడ చెప్పింది. "దోమకు ఆరు పైసలా!" అని వాడు నోరు తెరిచాడు. అప్పుడావిడ అంది, "పైసలిచ్చి మరీ దోమలతోని కుట్టిపిచ్చిండంటే, ఆ డాక్టరు ఏదో కనుక్కుందామనే గద బిడ్డా." అక్కడి నుంచి పిల్లవాడు అందుకున్నాడు. దోమ అంటే మలేరియా, కనిపెట్టాడంటే పెద్ద బహుమతే వచ్చి ఉంటుంది, 1902 నాటికి నోబెల్ మొదలైంది కదా అంటూ లెక్క కట్టాడు. రాస్ పేరు ఇద్దరికీ తెలియదు. జవాబు మాత్రం చెప్పారు. పేరు నేను చెప్పాను, బేగంపేటలో ఆ ప్రయోగశాల భవనం ఇప్పటికీ ఉందని, ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటించేది ఈ సంగతి వల్లనే అని కూడా చెప్పాను. ఆ రాస్ కవిత్వం రాశాడు, నవలలు రాశాడు, మలేరియా వ్యాప్తికి గణిత సమీకరణాలు కట్టాడు. ఆయన్ని ఏ ఒక్క రౌండ్‌లోనైనా ఇరికించడం కష్టం.

అందుకే సైన్స్ రౌండ్, హిస్టరీ రౌండ్, ఆర్ట్స్ రౌండ్ అని విడగొట్టడం నాకు నచ్చదు. సైన్స్ రౌండ్ అనగానే జట్టులో సగం మంది చేతులు కట్టుకుంటారు. లెక్కలు రానివాళ్ళం, మాకెందుకు అని తమకు తామే తీర్పు చెప్పుకుంటారు. మనిషి జ్ఞానాన్ని పరీక్షించేటప్పుడు ముందే అలాంటి గోడలు కట్టడం అన్యాయం.

గోపన్‌పల్లి ఈ గోడలు లేని ప్రశ్నలకు మంచి చోటు. ఒకవైపు హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఊళ్ళోనే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారి హైదరాబాద్ కేంద్రం. కొత్త టవర్ల మధ్య ఇంకా మిగిలిన గుండ్లు. ఆ గుండ్ల మీదే ఒక ప్రశ్న. దక్కన్ లావా ప్రవాహాలు, మన గుండ్లు, ఈ రెంటిలో ఏవి పాతవి? దక్కన్ అనగానే అందరికీ లావా గుర్తొస్తుంది కాబట్టి చాలామంది అటే మొగ్గుతారు. ఆ లావా పొంగింది సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట, డైనోసార్లు అంతరించిన కాలంలో. మన గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. రోజూ ఆఫీసు క్యాబ్ కిటికీలోంచి చూసే రాయి డైనోసార్ల కంటే ఎంతో ముందుదని తెలిసినప్పుడు హాల్లో వినిపించే ఆ 'అవునా!' కోసమే నేను ప్రశ్నలు రాస్తాను. అదే నేల మీద, విశ్వవిద్యాలయ ఆవరణలో, ఇనుప యుగపు సమాధులు బయటపడ్డాయి. భూగర్భశాస్త్రం ఎక్కడ ఆగి చరిత్ర ఎక్కడ మొదలవుతుందో ఆ రాళ్ళ మధ్య గీత గీయడం ఎవరి తరం?

టాటా ఇన్‌స్టిట్యూట్ దగ్గర ఇంకో ప్రశ్న దొరుకుతుంది. 1945లో దాన్ని స్థాపించిన హోమీ భాభా అణు శాస్త్రవేత్తగా అందరికీ తెలుసు. ఆయన బొమ్మలు వేసేవాడు. బొంబాయిలోని ఆ సంస్థ గోడలకు ఆధునిక చిత్రాలు కొని పెట్టించాడు, ఒక పెద్ద గోడచిత్రం కోసం చిత్రకారుల మధ్య పోటీ పెట్టాడు. గెలిచినవాడు ఎం.ఎఫ్. హుస్సేన్. ఆ హుస్సేనే బద్రీవిశాల్ పిత్తీ అండతో హైదరాబాద్‌లో రామాయణ చిత్రాలు వేశాడు, తర్వాత ఇక్కడే 'సినిమా ఘర్' కట్టించాడు. ఒక భౌతికశాస్త్ర సంస్థ గోడ నుంచి బయల్దేరి మన ఊరి దాకా నడిచి వచ్చే ప్రశ్న అది.

ప్రశ్న రాసేవాడికి జవాబు చెప్పేవాడి కంటే ఎక్కువ తెలిసి ఉండాలంటే కొందరు నమ్మరు. వాళ్ళకు నేను అవధానం గుర్తు చేస్తాను. తిరుపతి వెంకట కవుల అవధానాల గురించి మనం గొప్పగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కానీ నా చూపు ఎప్పుడూ పృచ్ఛకుల మీద ఉంటుంది. నిషిద్ధాక్షరి అడిగేవాణ్ణి చూడండి. అవధాని ఒక అక్షరం చెప్పగానే, తర్వాత ఏ అక్షరం వేస్తాడో ఊహించి దాన్నే నిషేధించాలి. అంటే అవధాని మనసులో మెదిలే మాట పృచ్ఛకుడి మనసులో ముందే మెదలాలి. ఛందస్సు తెలియాలి, నిఘంటువు తెలియాలి, ఎదుటివాడి పోకడ తెలియాలి. సమస్య ఇచ్చేవాడిదీ అంతే. అర్థం లేనట్టు, అనుచితంగా ఉన్నట్టు కనిపించే పాదం ఇస్తాడు. దాన్ని సార్థకం చేసే దారి ఎక్కడో ఉండాలి. దారే లేని సమస్య ఇస్తే సభలో చులకనయ్యేది పృచ్ఛకుడే.

ఇప్పటి క్విజ్ మనకు వేరే దారిలో వచ్చింది. 1967లో కలకత్తాలో నీల్ ఓబ్రయన్ మొదలుపెట్టిన బహిరంగ క్విజ్, 1972లో హైదరాబాద్‌లో పుట్టిన కె-సర్కిల్, 1985లో దూరదర్శన్‌లో సిద్ధార్థ బసు 'క్విజ్ టైమ్', ఆ పైన కోటి రూపాయల టీవీ ఆటలు. వీటిలో నాకు ఆప్తమైనవి కె-సర్కిల్ లాంటి క్లబ్బులు. అక్కడ బహుమతి కంటే ప్రశ్న గురించి ఎక్కువ మాట్లాడతారు. 'వర్కవుట్ అయ్యే ప్రశ్న' అన్నది అక్కడ పెద్ద మెప్పు.

చిక్కడపల్లి గ్రంథాలయంలో, అశోక్‌నగర్ గదుల్లో గ్రూప్స్‌కు చదువుతున్న పిల్లలకు ఆ మెప్పుతో పని లేదు. గ్రూప్-1 ప్రిలిమ్స్‌లో 150 నిమిషాలకు 150 ప్రశ్నలు. లక్షల మంది రాసే పరీక్షను యంత్రమే దిద్దాలి, కాబట్టి నాలుగు ఆప్షన్లు తప్పవు, అది నేను ఒప్పుకుంటాను. ఒప్పుకోలేనిది, ఆ నాలుగు ఆప్షన్లలో కూడా ఆలోచనకు చోటివ్వని ప్రశ్నలు. పథకం ప్రారంభమైన తేదీ ఏది, అవార్డు ఎన్నోసారి ఇచ్చారు అని అడిగితే, ఏళ్ళకేళ్ళు ఊరు వదిలి వచ్చి చదివిన మనిషి తెలివికి మనం ఏం మర్యాద ఇచ్చినట్టు? తేదీలు ఫోన్లో ఉన్నాయి. సంగతుల మధ్య సంబంధాన్ని పట్టుకునే మనిషే రేపు ఆ కుర్చీలో కూర్చోవాలి.

ఈమధ్య మా హాల్లో పిల్లల చేత ప్రశ్నలు రాయిస్తున్నాం. షరతులు రెండే. ప్రశ్నలో కనీసం రెండు శాస్త్రాలు కలవాలి, జవాబుకు మనం తిరిగే చోట్లతో సంబంధం ఉండాలి. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె రాసుకొచ్చింది. తండ్రి ఎడిన్‌బరోలో చదివిన రసాయన శాస్త్రవేత్త, నిజాం కాలేజీ తొలి ప్రిన్సిపల్. కూతురు కవయిత్రి. ఆమె 1905లో వెలువరించిన కవితా సంపుటి పేరూ, ఆబిడ్స్‌లో వాళ్ళ ఇంటి పేరూ ఒకటే. 1974లో పుట్టిన మన పక్క విశ్వవిద్యాలయం తొలి అడుగులు ఆ ఇంట్లోనే పడ్డాయి. ఆ ఇంటి పేరేమిటి? గోల్డెన్ త్రెషోల్డ్. ప్రశ్నలో కవయిత్రి పేరు సరోజినీ నాయుడు అని కూడా ముందే రాసేసింది. పేరు తీసేస్తే కష్టమైపోతుంది కదా అంకుల్ అని అడిగింది. తీసెయ్యమన్నాను. తండ్రి చదువు, నిజాం కాలేజీ, కవిత్వం, ఇన్ని ఆనవాళ్ళు ఇచ్చాక ఆవిడ పేరు జట్టువాళ్ళు తామే పట్టుకోవాలి. వచ్చే ఆదివారం రెండో రౌండ్‌లో ఆ అమ్మాయే మైకు పట్టుకుని అడుగుతుంది.