గొట్టానికి పట్టే పాచి

ఒకసారి తీసేసిన శ్వాస గొట్టాన్ని బ్లేడుతో నిలువునా కోసి చూశాను. పురుగుల మందు తాగి వచ్చిన కుర్రాడి గొంతులో పదిహేడు రోజులు ఉన్న గొట్టం అది. లోపలంతా గోధుమరంగు పొర. గ్లౌజు వేలితో గీకితే జిగటగా సాగింది, కడగని నీళ్ల తొట్టి అడుగు పాచిలా.

అయిదో రోజున అతనికి జ్వరం. కఫం కల్చర్‌లో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా. మేమిచ్చే మందు పక్కన ‘సెన్సిటివ్’ అని రిపోర్టు, అంటే ఆ మందుకు లొంగుతుందని. వారం ఇస్తే జ్వరం పోయింది. ఆపిన మూడో రోజుకే మళ్లీ వచ్చింది, అదే సూడోమోనాస్, అదే ‘సెన్సిటివ్’. “మందు పని చేస్తలేదా సారూ?” అని తల్లి అడిగింది. ఏం చెప్పాలో తోచలేదు.

ల్యాబ్‌లో మందును పరీక్షించేది విడివిడిగా తేలే బ్యాక్టీరియా మీద. గొట్టానికి అంటుకున్నవి జిగురు అల్లుకుని, గుంపుగా బతుకుతాయి. ఒక్క రోజులోనే ఆ పొర మొదలవుతుంది. అడుగునున్నవి ఆక్సిజన్, ఆహారం చాలక దాదాపు నిద్రలో ఉంటాయి. పెరిగే కణాన్నే దెబ్బతీసే మందులు వాటినేమీ చేయలేవు. తేలేవాటిని చంపే మోతాదుకు వంద, ఒక్కోసారి వెయ్యి రెట్లు కావాలి. అంత మందు ఎక్కిస్తే మనిషి తట్టుకోలేడు. పైగా నరంలోకి ఎక్కించిన మందు రక్తంతో తిరుగుతుంది. ప్లాస్టిక్‌కు రక్తనాళాలెక్కడివి?

పళ్ల మీదిదాన్నీ మనం పాచి అనే అంటాం. రెండూ ఒకే తీరువి. 1680ల్లో డచ్ పరిశోధకుడు లీవెన్‌హుక్ తన పళ్ల పాచిని సూక్ష్మదర్శినిలో చూసి, వెనిగర్‌తో కడిగితే పైనున్న జీవులే చచ్చాయని రాసిపెట్టాడు.

ఈ పొర పట్టకుండా వెండి పూత గొట్టాలు వచ్చాయి. 2008లో వెలువడిన పెద్ద అధ్యయనంలో వాటివల్ల, గొట్టం ఉన్నవారికి వచ్చే న్యుమోనియా 7.5 నుంచి 4.8 శాతానికి తగ్గింది, మరణాలు మాత్రం తగ్గలేదు. 2023లో ఫ్రాన్స్ వైద్యులు అమికాసిన్ అనే యాంటీబయాటిక్‌ను ఊపిరి దారిలోనే మూడు రోజులు పంపి, న్యుమోనియాను 22 నుంచి 15 శాతానికి తెచ్చారు. నాకు ఆశ కలిగించిన ఫలితమది.

ఇప్పుడు పొద్దున రౌండ్స్‌లో యాంటీబయాటిక్ గురించి తర్వాత మాట్లాడతాం. ముందు అడిగేది, ఇవాళ గొట్టం తీయగలమా అని. మత్తు ఆపి చూస్తాం. పురుగుల మందు కేసుల్లో మెడ కండరాలకు బలం వచ్చిందా అని చూడాలి, దిండు మీంచి తల ఎత్తమంటాం.

ఆ కుర్రాడు పదిహేనో రోజు తెల్లవారుజామునే తల ఎత్తి నిలిపాడని నైట్ సిస్టర్ చార్టులో రాసింది. జ్వరం తగ్గాక తీద్దామని మేమే రెండు రోజులు ఆగాం.