పుట్టుకతో మొదలు కావలసిన కథ

పిల్లలకు మనము చెప్పు కథలలో పెక్కింటి ఆదిమధ్యాంతములు కథకుని చేతిలోనే ఉండును. నక్కను పులిని చేయవచ్చును, అడవిని రాజధానిగా మార్చవచ్చును, నిద్ర ముంచుకొని వచ్చిన పసివాని కొరకు కథను సగములోనే సుఖాంతము చేయవచ్చును. అట్టి స్వాతంత్ర్యము ఇసుమంతయు లేని కథ ఒక్కటి కలదు; అది ఆ బిడ్డ తన ఇంటికి ఎట్లు వచ్చెనో చెప్పు కథ. ఒక దేశమున పుట్టి, దత్తత మూలమున మరియొక దేశమున పెరుగుచున్న బిడ్డకు ఆ కథ చెప్పుటకు ఎంత నేర్పు, ఎంత ఓర్పు కావలెనో దగ్గరనుండి చూచు అవకాశము ఈ మధ్య నాకు కలిగినది గనుక, ఈ వారము దానిని గూర్చియే వ్రాయుచున్నాను.

మా బంధువర్గములో అమెరికాలో స్థిరపడిన దంపతులు కొన్నేండ్ల క్రిందట హైదరాబాదులోని ఒక శిశుగృహమునుండి ఒక ఆడుబిడ్డను చట్టప్రకారము దత్తత చేసికొనిరి. ఆ పిల్ల ఇప్పుడు రెండవ తరగతి చదువుచున్నది. వేసవిలో మా యింటికి వచ్చినప్పుడు, చుట్టుపక్కల పిల్లలందరును చేరి తమతమ పుట్టిన ఊళ్లు చెప్పుకొనుచుండగా, "నేను విమానంలోంచి వచ్చాను" అని ఆమె ఠీవిగా చెప్పినది. పక్కింటి కుర్రవాడు కొంచెము ఆలోచించి, "అయితే నువ్వు ఎవరి కడుపులోనూ పుట్టలేదా?" అని అడిగినాడు. ఆ ప్రశ్నలో ఎగతాళి లేదు, ఉన్నది అచ్చమైన జిజ్ఞాస. ఐనను ఆ పిల్ల ముఖము చిన్నబోయినది. తల్లిదండ్రులు ఆమెకు ఏదియు దాచినవారు కారు. కాని వారి ఆనందము ఆరంభమైనది విమానాశ్రయములో కావున వారు చెప్పు కథయు అక్కడినుండియే ఆరంభమగుచుండెను. పెద్దలకు అది ఆరంభమే. బిడ్డకు మాత్రము అది మధ్యభాగము.

"ఎక్కడ మొదలుపెట్టమంటారు పిన్నీ?" అని ఆ తల్లి నన్ను అడిగినది. "పుట్టుక దగ్గరే అమ్మా" అంటిని. ఆ రాత్రి ఆమె బిడ్డకు చెప్పిన మాటలు దాదాపు ఇట్లున్నవి: "అందరిలాగే నువ్వూ ఒక అమ్మ కడుపులో పెరిగి పుట్టావు. ఆ అమ్మ నిన్ను పెంచలేకపోయింది. ఎందుకో మాకు తెలియదు. కానీ అందులో నీ తప్పేమీ లేదు, పసిపాపలు ఏ తప్పూ చెయ్యరు. హైదరాబాదులో ఆయాలు నిన్ను ఎత్తుకున్నారు, పాలు పట్టారు. నీకు అమ్మా నాన్నా కావాలని అక్కడి పెద్దవాళ్లు వెతికారు. మేమూ బిడ్డ కోసం ఎదురు చూస్తున్నాం. అట్లా మనం కలిశాం. ఆ తర్వాతే విమానం ఎక్కాం." ఇందులో అలంకారము లేదు, అబద్ధము లేదు, పెద్దలు చేసిన నిర్ణయముల భారము బిడ్డ భుజములపై పెట్టు మాటయు లేదు.

ఇట్లు చెప్పిన కథ ప్రశ్నలను పుట్టించును. పుట్టించుటయే దాని గుణము. "నాకోసం ఎవరైనా వెతికారా?" అని బిడ్డ అడిగినప్పుడు, మన చట్టమెరిగిన తల్లి ధైర్యముగా సమాధానము చెప్పగలదు. 2015 నాటి బాలన్యాయ చట్టము ప్రకారము, బిడ్డను అప్పగించిన తల్లికి మనసు మార్చుకొనుటకు రెండు నెలల గడువు కలదు. ఒంటరిగా దొరికిన శిశువైనచో తన వారికొరకు విచారించిన పిదపనే, రెండేండ్లలోపు బిడ్డ విషయమున రెండు నెలలలోను అంతకు పెద్దబిడ్డ విషయమున నాలుగు నెలలలోను, దత్తతకు అర్హత గలదని బాలల సంక్షేమ సమితి ప్రకటింపవలెను. విదేశములకు పంపు సంస్థల అక్రమములను గూర్చి లక్ష్మీకాంత్ పాండే అను న్యాయవాది వ్రాసిన లేఖనే వ్యాజ్యముగా స్వీకరించి, 1984లో సుప్రీంకోర్టు దేశాంతర దత్తతకు నియమములు ఏర్పరచినది. 1993లో హేగ్ నగరమున కుదిరిన ఒడంబడికను భారతదేశము 2003లో ధ్రువపరచినది. స్వదేశమున తగిన కుటుంబము దొరకనప్పుడే బిడ్డ దేశము దాటవలెననుట ఆ ఒడంబడికకు ప్రాణము. ఈ శాసనముల పేర్లు పసిబిడ్డకు అక్కరలేదు. కాని "వెతికారు, ఆగారు, అడిగారు" అను మూడు మాటలు ఆ బిడ్డకు ఎంత ఊరటనిచ్చునో చెప్పనలవి కాదు.

అంతకంటె కఠినమైన ప్రశ్న ఇంకొకటి కలదు: "నన్ను కొన్నారా?" మన తెలుగు ఇండ్లలో పిల్లలను ఆటపట్టించుటకు "నిన్ను తవుడుకు కొన్నాం" అనుట పరిపాటి. కన్నబిడ్డ ఆ మాటకు అలిగి, ఘడియలో మరచిపోవును. దత్తబిడ్డ మరువదు, మరువలేదు. పైగా అది మన నేలమీద కేవలము పరిహాసముగా మిగిలిన మాటయు కాదు. 1999లోను 2001లోను తెలంగాణ ప్రాంతపు లంబాడా తండాలలో పేదతల్లుల నుండి ఆడశిశువులను డబ్బిచ్చి తీసికొని, దత్తతల పేర చేతులు మార్చిన ఉదంతములు బయటపడి రాష్ట్రమును కలవరపరచినవి. కావున ఈ ప్రశ్నకు సమాధానము సూటిగా ఉండవలెను: "మనుషుల్ని కొనకూడదు, అమ్మకూడదు. అది నేరం. ప్రయాణానికీ, కాగితాలకీ, నిన్ను చూసుకున్న ఇంటికీ ఖర్చయింది. నీకు ధర లేదు." ఈ సమాధానము నిజమగునట్లు చూచుట తల్లిదండ్రులకంటె ముందు ప్రభుత్వముల బాధ్యత.

మంచి మనసుతోనే పలికి, బిడ్డకు హాని చేయు వాక్యములు కొన్ని కలవు. "ఎంతో ప్రేమ ఉంది కనుకనే మీ అమ్మ నిన్ను ఇచ్చివేసింది" అన్నచో, ప్రేమించువారు ఇచ్చివేయుదురని ఆ బిడ్డ గ్రహించును. ఇప్పటి తల్లి ప్రేమింతునన్న ప్రతిసారియు భయపడును. "అది పేదదేశం, అందుకే తెచ్చుకున్నాం" అన్నచో, తన పుట్టిన నేలను, దానితోపాటు తన మేని రంగును చిన్నచూపు చూచుట నేర్చుకొనును. "నువ్వెంత అదృష్టవంతురాలివి!" అని చుట్టములు అనుచున్నంతకాలము ఆ బిడ్డకు దుఃఖించు హక్కు ఉండదు. మొదటి తల్లిని, మొదటి భాషను, ఉయ్యాలనాటి కంఠస్వరములను కోల్పోయిన ప్రాణికి కృతజ్ఞతను విధిగా చేయుట అన్యాయము.

ఈ దుఃఖము ఆలస్యముగా మేల్కొనును. దత్తబిడ్డల మనోవికాసమును దీర్ఘకాలము పరిశీలించిన అమెరికా మనస్తత్వశాస్త్రజ్ఞుడు డేవిడ్ బ్రాడ్జిన్‌స్కీ చెప్పినదానిని బట్టి, ఐదేండ్లలోపు బిడ్డ తన కథను పాటవలె వల్లించునే గాని దాని అర్థమెరుగదు. ఆరేడేండ్లు దాటిన పిదపనే, ఈ ఇంటికి రాకమునుపు తాను మరియొక ఇంటిని కోల్పోయితినని తెలిసికొని కలత చెందును. కావున ఒకనాడు కూర్చుండబెట్టి గుట్టు విప్పుట సరియైన పద్ధతి కాదు. గోరుముద్దలవలె, నోటికి పట్టినంత, అరిగినంత, ఊహ తెలియక పూర్వమునుండియే పెట్టుచు పోవలెను. "ఎప్పుడు తెలిసింది?" అని పెద్దయిన పిదప అడిగినచో, "తెలియని రోజు నాకు గుర్తు లేదు" అని చెప్పగలుగుట ఆ బిడ్డకు మనమీయదగిన భాగ్యము.

శిశుగృహములో పెరుగుచున్న ఐదారేండ్ల బిడ్డకు ముందుగా చెప్పుట ఇంకను సున్నితమైన పని. రాబోవు తల్లిదండ్రుల చిత్రములు, వారి ఇల్లు, వారు తిను తిండి, అక్కడ కురియు మంచు, అన్నియు మెల్లమెల్లగా చూపవలెను. ఆ వయసుకు తగినట్లు బిడ్డ ఇష్టమును లెక్కలోనికి తీసికొనవలెనని చట్టమును, హేగ్ ఒడంబడికయు చెప్పుచున్నవి. ఎక్కడికి పోవుచున్నదో తెలియని బిడ్డకు ఆ విమానయానము అపహరణమువలె తోచును.

మన పురాణములు ఈ విషయమున మనకు ఎంతో సాయపడగలవు. దేవకి కన్నది, యశోద పెంచినది. ఇద్దరిలో ఎవరిని అసలు తల్లి యని అడుగుట మన పిల్లలకు తోచనే తోచదు. కాని కర్ణుని కథ కూడ చెప్పవలెను. రాధ పెంపకములో లోపము లేదు. లోపమంతయు కుంతి యుద్ధము ముంగిట నిలుచువరకు నిజమును దాచుటలో నున్నది. ఇక ఈ కాలపు కథ సరూ బ్రయర్లీది. 1986లో మధ్యప్రదేశమున రైలెక్కి తప్పిపోయి కలకత్తా చేరిన ఆ ఐదేండ్ల బాలుని ఆస్ట్రేలియా దంపతులు దత్తత తీసికొని, టాస్మేనియాలోని హోబార్టులో పెంచిరి. పెంపుడుతల్లి అతని గదిగోడకు భారతదేశపటము తగిలించినది. పెద్దవాడై ఉపగ్రహచిత్రములలో వెదకి వెదకి, 2011లో తన ఊరిని కనుగొన్నాడు; కన్నతల్లిని కలిసికొన్నాడు; పెంచిన తల్లికి దూరము కాలేదు.

తెలియనిదానిని తెలియదనుట ఈ విద్యలో కడపటి పాఠము. దక్షిణ కొరియానుండి విదేశములకు పోయిన పిల్లలలో పలువురిని, తల్లిదండ్రులు ఉండగనే అనాథలని కాగితములలో వ్రాసిరని, అందుకు ప్రభుత్వమే బాధ్యత వహింపవలెనని 2025లో ఆ దేశపు సత్యాన్వేషణ సంఘము తేల్చినది. కావున "కాగితంలో ఇట్లా ఉంది" అనుట మేలు. ఉన్నదంతయు నిజమని ప్రమాణము చేయరాదు. పద్దెనిమిదేండ్లు నిండిన దత్తబిడ్డ తన మూలములను తెలిసికొనుటకు దరఖాస్తు చేసికొను వీలు మన నిబంధనలలో ఉన్నది. ఆనాటికి అక్కరకు వచ్చు ప్రతి కాగితమును, ప్రతి చిత్రమును భద్రపరచుట నేటి తల్లిదండ్రుల పని.

చివరగా తక్కినవారలకు, అనగా ఉపాధ్యాయులకు, చుట్టములకు, ఇరుగుపొరుగువారికి ఒక మనవి. తరగతిలో వంశవృక్షము గీయుమన్నప్పుడు రెండు వేళ్లు గల చెట్టును గీయుటకు అనుమతినిండు. మీ పిల్లలు "వాళ్ల అసలు అమ్మ ఎవరు?" అని అడిగినచో, "కన్న అమ్మ ఒకరు, పెంచుతున్న అమ్మ ఒకరు, ఇద్దరూ అసలే" అని మీ ఇంటిలోనే చెప్పుడు. అంతకు మించిన వివరములను ఆ తల్లినిగాని ఆ బిడ్డనుగాని అడుగకుడు. ఆ కథ ఆ బిడ్డ సొత్తు. ఎవరికి చెప్పవలెనో, ఎంత చెప్పవలెనో నిర్ణయించు అధికారము ఆ బిడ్డకే కలదు.