విద్యుత్ క్షేత్రం - సిరామిక్ సాంద్రీకరణ: తెలుగు వాక్యంలో విభక్తి నిర్ణయం

1. ప్రస్తావన:

సిరామిక్ పొడిని అచ్చువేసి, కరగనీయకుండా కాల్చి, రేణువుల నడుమ రంధ్రాలను పూడ్చే ప్రక్రియ సింటరింగ్. యిట్రియా కలిపిన జిర్కోనియాకు సాధారణంగా 1400 డిగ్రీల సెల్సియస్ పైబడిన వేడి, గంటల వ్యవధి అవసరం. 2010లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయానికి చెందిన మార్కో కొలోన్యా, రిషి రాజ్ తదితరులు ఈ పదార్థానికి సెంటీమీటరుకు 120 వోల్టుల క్షేత్రాన్ని కల్పించి, 850 డిగ్రీల కొలిమిలో 5 సెకన్లలోపే దాదాపు పూర్తి సాంద్రతను సాధించారు. ఇదే ఫ్లాష్ సింటరింగ్. దీనిని 'క్షేత్రసహాయక సాంద్రీకరణ' అనవచ్చు. అయితే సమాసం దాచిన సంబంధాన్ని విగ్రహవాక్యం బయటపెట్టక తప్పదు. క్షేత్రంతోనా, క్షేత్రం వల్లనా? ఈ ఎంపిక వ్యాకరణానికే పరిమితమైనది కాదు. అది కారణాన్ని గురించిన తీర్పు.

2. 'వద్ద' - 'లో':

'850 డిగ్రీల వద్ద గట్టిపడింది' అనే వాక్యం పాఠకుని తప్పుదారి పట్టిస్తుంది. 850 డిగ్రీలు కొలిమి ఉష్ణోగ్రత. కుమ్మరి ఆవంలో వేడి బయటినుంచి కుండలోకి చేరుతుంది. ఇక్కడ విద్యుత్ ప్రవాహం వల్ల నమూనాలోనే వేడి పుడుతుంది. కనుక నమూనా కొలిమికంటె ఎంతో వేడెక్కుతుంది. '850 డిగ్రీల కొలిమిలో' అన్నప్పుడే వాక్యం నిజమవుతుంది.

3. 'వల్ల':

జూల్ తాపం ఒక్కటే ఈ వేగాన్ని వివరించలేదని, క్షేత్రం స్ఫటికంలో కొత్త లోపాలను సృష్టిస్తుందని రిషి రాజ్ వాదం. వేడెక్కేకొద్దీ నిరోధం తగ్గి, ప్రవాహం పెరిగి, మరింత వేడి పుట్టడమే ఫ్లాష్ ఆరంభానికి మూలమని 2015లో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన రిచర్డ్ టాడ్ వివరించారు. ఈ స్వభావం కొత్తది కాదు. 1897 నాటి నెర్న్‌స్ట్ దీపంలోని జిర్కోనియా కడ్డీని ముందుగా వేడిచేస్తేనే వెలిగేది; వెలిగాక ప్రవాహం హద్దు మీరకుండా శ్రేణిలో మరొక నిరోధకాన్ని అమర్చేవారు. 2020లో మేరీలాండ్ విశ్వవిద్యాలయ బృందం కార్బన్ పట్టీలను విద్యుత్తుతో వేడిచేసి, వాటి నడుమ ఉంచిన సిరామిక్‌ను సుమారు 10 సెకన్లలో గట్టిపరచింది. అక్కడ ప్రవాహం పట్టీలది, నమూనాది కాదు. వేగంగా వేడెక్కించడానికే ఎంతో శక్తి ఉందని ఇది చూపింది. అంతమాత్రాన క్షేత్రానికి వేరే పాత్ర లేదని రుజువు కాలేదు.

4. ముగింపు:

'క్షేత్రం వల్ల గట్టిపడుతుంది' అని రాసిన అనువాదకుడు, తెగని వివాదంలో తెలియకుండానే ఒక పక్షం వహిస్తాడు. ఆ పాఠం చదివిన విద్యార్థికి పరికల్పన సిద్ధాంతంగా అందుతుంది. 'తో' సాధనాన్ని మాత్రమే చెప్పి, కారణ నిర్ణయాన్ని ప్రయోగాలకు వదులుతుంది. కాబట్టి ప్రక్రియను వర్ణించేటప్పుడు 'తో', వాదాన్ని దాని కర్త పేరుతో ఉటంకించేటప్పుడే 'వల్ల' వాడడం సమంజసం. శాస్త్రానువాదంలో పారిభాషిక పదాల కల్పనకు దక్కిన శ్రద్ధ విభక్తి ప్రత్యయాలకూ దక్కాలి.