కారణజన్ముడు కాని కథానాయకుడు

చైనా సాహిత్యంలో కత్తిసాము వీరుల గాథలకు వుషియా అని పేరు. ఈ నవలల్లో యోధులు ఇళ్ల కప్పుల మీదుగా దూకుతూ పోతారు. ఊపిరిని అదుపులో పెట్టి ఒంట్లో శక్తిని కూడగడతారు, అరచేయి విసిరితే దూరాన ఉన్నవాడు కుప్పకూలుతాడు. రాజశాసనానికి ఆవల, గురుభక్తి, ఇచ్చిన మాట, తీర్చుకోవలసిన పగ అనే మూడింటి మీద నడిచే ఆ లోకాన్ని జియాంగ్‌హు అంటారు. అక్కడ నాయకుడు సాధారణంగా కారణజన్ముడు. తండ్రి హతుడై ఉంటాడు, పుట్టుక వెనక ఏదో గుట్టు ఉంటుంది, గొప్ప గొప్ప గురువులు తామే వెతుక్కుంటూ వస్తారు. ఏ లోయలోనో దొరికిన గ్రంథం అతన్ని సాటిలేని వీరుణ్ణి చేస్తుంది. జానపద సినిమాలు చూసి, చందమామ సీరియళ్లు చదివి పెరిగిన తెలుగు పాఠకులకు ఈ దారిలో ఏ మలుపూ కొత్తగా అనిపించదు.

ఆ దారిని అందరికంటే గొప్పగా పరిచినవారూ, చివరికి దాన్ని తవ్విపోసినవారూ ఒక్కరే. జిన్ యోంగ్ అనే కలంపేరుతో రాసిన జా లియాంగ్‌యోంగ్ 1924లో జజియాంగ్ రాష్ట్రంలోని హైనింగ్‌లో పుట్టి, హాంకాంగ్‌లో పత్రికారచయితగా స్థిరపడ్డారు. 1955లో తొలి వుషియా నవల రాశారు. 1959లో ఒక భాగస్వామితో కలిసి ‘మింగ్ పావ్’ దినపత్రిక పెట్టారు. ఆయన చివరి నవల ‘లూడింగ్ జీ’ ఆ పత్రికలోనే 1969 అక్టోబరు 24న మొదలై 1972 సెప్టెంబరు 23న ముగిసింది. జాన్ మిన్‌ఫర్డ్ దాన్ని కుదించి ఇంగ్లీషు చేస్తే, ‘ద డీర్ అండ్ ద కాల్డ్రన్’ పేరుతో 1997, 2002 మధ్య మూడు సంపుటాలుగా ఆక్స్‌ఫర్డ్ ప్రచురించింది.

ఈ తిరుగుబాటు ఒక్కసారిగా వచ్చింది కాదు. 1957లో మొదలైన ‘కాండార్ హీరోస్’ కథానాయకుడు గ్వో జింగ్ మందబుద్ధి. ఒక్కో ఎత్తు నేర్చుకోవడానికి నెలలు పడుతుంది. అయినా పుట్టకముందే తండ్రిని పోగొట్టుకున్న ఆ అమాయకుడికి దేశంలోని మహామహులంతా విద్య నేర్పుతారు, చివరికి అతను మంగోలుల దండయాత్రకు అడ్డు నిలిచే వీరుడవుతాడు. 1961లో మొదలైన మరో నవలలో జాంగ్ వూజీకి కొండల నడుమ దాగిన లోయలో, ఒక కోతి పొట్టలో కుట్టేసి ఉన్న మహాగ్రంథం దొరుకుతుంది. 1963 నాటికి రచయితలో సందేహం మొదలైనట్టు కనిపిస్తుంది. ఆ ఏడాది మొదలుపెట్టిన నవలలో దువాన్ యూ యుద్ధవిద్య నేర్చుకోవడం ఇష్టం లేక ఇల్లు విడిచి పారిపోతాడు. షూ జూ అనే సాధు భిక్షువు ఒకరి ప్రాణం కాపాడబోయి గో ఆట పలక మీద కళ్లు మూసుకుని ఒక రాయి పెడతాడు. ఎవరూ విప్పలేని చిక్కు దాంతో విడిపోతుంది, ఒక వృద్ధ గురువు డెబ్బై ఏళ్ల శక్తి అతనికి వద్దన్నా సంక్రమిస్తుంది. ఎంపిక గుడ్డిదని అక్కడే తేలిపోయింది. కానీ ఎంపికైనవాడు అప్పటికింకా మంచివాడే. ఆ మంచితనాన్ని కూడా తీసేస్తే ఏం మిగులుతుంది అన్న ప్రశ్న నుంచి ‘లూడింగ్ జీ’ పుట్టింది.

వేయ్ షియావ్‌బావ్ యాంగ్‌జౌ నగరంలో ఒక వేశ్యాగృహంలో పుట్టి పెరిగిన కుర్రాడు. కథ మొదలయ్యేనాటికి పన్నెండు పదమూడేళ్లుంటాయి. అక్షరజ్ఞానం లేదు. బూతులు, జూదం, అబద్ధం అతనికి ఉగ్గుపాలతో అబ్బాయి. తెలిసిన చరిత్రంతా టీకొట్లలో కథలు చెప్పేవాళ్ల నోట విన్నదే. మావ్ షిబా అనే యోధుణ్ణి కాపాడటానికి శత్రువు కళ్లలో సున్నం చల్లుతాడు. ప్రాణం దక్కిన మావ్ షిబా సంతోషించకపోగా, వీరులు అసహ్యించుకునే పని చేశావని అతన్నే కొడతాడు. నవలలోని ధర్మసంకటమంతా ఆ ఘట్టంలో ఉంది. వీరధర్మం పాటిస్తే ఇద్దరూ చచ్చిపోయేవారు.

కారణజన్ముడి కథను తిరగెయ్యాలనుకునే రచయితలు ఎక్కువమంది ఒక సులువైన దారి తొక్కుతారు. జోస్యం అబద్ధమని చెబుతారు, లేదా ఎన్నికైనవాడు వేరొకడని చివర్లో బయటపెడతారు. జిన్ యోంగ్ అలా చెయ్యలేదు. పాత కథలోని సరంజామా మొత్తాన్ని ఎక్కడిదక్కడ ఉంచారు. గురువులున్నారు, రహస్యగ్రంథం ఉంది, నిధి ఉంది, పుట్టుక గుట్టు ఉంది, సింహాసనం కూడా ఎదురొస్తుంది. మధ్యలో నిలబడ్డ మనిషిని మాత్రం మార్చారు. ఈ నవల గొప్పతనం ఈ పనితనంలోనే ఉంది. దీన్ని వ్యంగ్యరచన అని పక్కన పెట్టేవారు ఆ పనితనాన్ని గమనించలేదు.

ఎంపిక జరిగే తీరు చూడాలి. మంచూ చక్రవర్తి కాంగ్‌షీ ఇంకా బాలుడు. ఓబాయ్ అనే సేనాని అధికారాన్ని గుప్పిట పెట్టుకున్నాడు. 1669లో కాంగ్‌షీ తనతో కుస్తీ పట్టే కుర్రాళ్లతో అతన్ని బంధింపజేశాడన్నది చరిత్ర. నవలలో ఆ కుర్రాళ్లలో వేయ్ ఒకడు. నపుంసక సేవకుడి వేషంలో అంతఃపురంలో చిక్కుకుని, ఎవరో తెలియకుండానే బాల చక్రవర్తితో రోజూ కుస్తీ పడుతూ స్నేహితుడైపోతాడు. ఓబాయ్ కళ్లలో ధూపపు బూడిద కొట్టి అతన్ని పడగొట్టడంలో సాయపడతాడు, తర్వాత చెరసాలలో చంపేస్తాడు. ఇటు మంచూ పాలనను కూల్చాలని పనిచేసే ‘స్వర్గ భూమి సంఘం’లో ఒక శాఖ తన నాయకుణ్ణి ఓబాయ్ చేతిలో పోగొట్టుకుంది. ఓబాయ్‌ని చంపినవాడే మా తదుపరి నాయకుడని ఆ శాఖవాళ్లు అప్పటికే ఒట్టు పెట్టుకున్నారు. పాత కథల్లో జోస్యం చేసే పని ఇక్కడ ఆ ఒట్టు చేస్తుంది. తీరా చంపినవాడు చక్రవర్తి మనిషి, చిన్న పిల్లవాడు. శాఖలో ముఠాల తగవు తీరాలి, ఒట్టు దక్కాలి. అందుకని సంఘనాయకుడు చెన్ జిన్‌నాన్ వేయ్‌ని శిష్యుడిగా స్వీకరించి ఆ పీఠం మీద కూర్చోబెడతాడు. దైవం పేరుతో జరిగే ఎంపికల వెనక ఎన్ని సర్దుబాట్లుంటాయో ఇంత శ్రద్ధగా చూపిన వుషియా నవల మరొకటి లేదు.

గురువుల సంగతీ అంతే. చెన్ జిన్‌నాన్ ఆ కాలపు మేటి యోధుల్లో ఒకడు. తెగిన చేతితో సన్యసించిన, మంచూలకు ముందు ఏలిన మింగ్ వంశపు రాకుమారి మరో గురువు. మర్మనాగ సంఘాధిపతి హోంగ్ అంటోంగ్ కూడా కొన్ని ఎత్తులు నేర్పుతాడు. వీటిలో వేయ్‌కి నిజంగా పట్టుబడింది ఒక్కటే, రాకుమారి నేర్పిన పారిపోయే విద్య. దానికి తోడు ఇనుమును కోసే చురకత్తి, కత్తి దిగని లోపలి చొక్కా అతన్ని కాపాడుతూ వస్తాయి.

రహస్యగ్రంథం విషయంలో రచయిత మరింత లోతుకు వెళ్లారు. నవలలో అందరూ వెతికే పుస్తకం ‘నలభై రెండు అధ్యాయాల సూత్రం’. భారతదేశం నుంచి చైనా భాషలోకి వెళ్లిన మొదటి బౌద్ధగ్రంథంగా సంప్రదాయం చెప్పుకునేది ఇదే. హాన్ వంశపు చక్రవర్తి మింగ్ కాలంలో కాశ్యప మాతంగుడు, ధర్మరత్నుడు లోయాంగ్‌లో దాన్ని అనువదించారని అంటారు. కోరికలను వదులుకోమని బోధించే పుస్తకం కోసం మనుషులు ఒకర్నొకరు చంపుకుంటారు. ఎవరూ దాన్ని చదవరు. మంచూల నిధి దాగిన చోటును చూపే పటపు ముక్కలు ఎనిమిది ప్రతుల అట్టల్లో దాచి ఉన్నాయి, అందరికీ కావలసింది అవే. ఎనిమిదింటినీ చేజిక్కించుకున్నది చదవడం రాని వేయ్. ఇంకెవరి చేతికి ఆ గ్రంథం చిక్కినా ఈ కథకు ఇంత బలం ఉండేది కాదు.

చదువు రాకపోవడం కథంతటా పనిచేస్తుంది. రష్యాతో 1689లో కుదిరిన నెర్చిన్‌స్క్ ఒప్పందాన్ని చరిత్రలో చైనా వైపు నుంచి నడిపినవాడు సొంగోతు. నవలలో ఆ బాధ్యత వేయ్‌ది. తన పేరులో అతనికి రాయడం వచ్చిన ఒక్క అక్షరాన్నే గీసి సంతకం చేస్తాడు. అతని ఎత్తుగడలన్నీ టీకొట్టు కథల్లోంచి తెచ్చుకున్నవే.

మంచితనం మాత్రం నవల నుంచి పోలేదు. అది కథానాయకుడి దగ్గర కాక అతని చుట్టూ ఉన్నవారి దగ్గర ఉంది. చెన్ జిన్‌నాన్ నిష్కళంకుడు. తాను కొలిచిన జెంగ్ వంశపు యువరాజే వెనక నుంచి పొడిస్తే ప్రాణం వదులుతాడు. పాత నవలల్లో నాయకుడు కాదగ్గ మనిషి ఇతనే, అతని నిష్ఠే అతన్ని చంపుతుంది. వేయ్ గుండె పగిలేలా ఏడ్చేది అక్కడే. కన్న తండ్రి ఎవరో తెలియని పిల్లవాడికి తండ్రి పోయినట్టవుతుంది. కాంగ్‌షీ సమర్థుడు, ప్రజల బాగు కోరే పాలకుడు. సంఘాన్ని తుడిచిపెట్టమని ఇతను, చక్రవర్తిని చంపమని సంఘం, ఇద్దరూ వేయ్‌నే ఆజ్ఞాపిస్తారు. రెండూ చెయ్యలేకపోవడమే అతనిలో మిగిలిన నీతి. ఆ ఒక్క నీతినీ రచయిత ఎంతో ఆప్యాయంగా నిలబెట్టారు.

చివరి అధ్యాయంలో గు యాన్‌వు, హువాంగ్ జోంగ్‌షీ వంటి మహాపండితులు వచ్చి, నువ్వే చక్రవర్తివి కావాలని వేయ్‌ని అడుగుతారు. వీరు చరిత్రలో ఉన్న మనుషులు. మంచూ రాజుల కొలువు చెయ్యబోమన్న మేధావులు. మంచూ కాక హాన్ జాతివాడైతే చాలు, ఎవరైనా ఫరవాలేదనే స్థితికి వాళ్లు రావడం నవలలోని అతి విషాద సన్నివేశం. వేయ్ ఒప్పుకోడు. ఆ తర్వాత తల్లిని తన తండ్రి ఎవరని అడుగుతాడు. ఆ రోజుల్లో తన దగ్గరికి హాన్‌లు, మంచూలు, మంగోలులు, టిబెట్‌వారు, ముస్లింలు అందరూ వచ్చేవారని ఆమె చెబుతుంది. రాజ్యం ఏ జాతిదన్న వాదం కథానాయకుడి పుట్టుకలోనే కరిగిపోతుంది. జిన్ యోంగ్ తొలి నవలలో మంచూ చక్రవర్తి చియెన్‌లోంగ్ నిజానికి హాన్ తండ్రికి పుట్టినవాడన్న హైనింగ్ ఐతిహ్యమే కథకు ఆధారం. పదిహేడేళ్లలో రచయిత ఎంత దూరం నడిచారో ఈ రెండు పుట్టుకలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. మధ్యలో సాంస్కృతిక విప్లవం నడిచింది, 1967లో హాంకాంగ్ వీధుల్లో అల్లర్లు జరిగాయి. మర్మనాగ సంఘంలో నాయకుణ్ణి పొగుడుతూ భక్తులు వల్లించే స్తోత్రాలను పాఠకులు ఆనాటి చైనా నినాదాలతో కలిపే చదువుకున్నారు.

నవలలో పెద్ద లోపం స్త్రీలది. వేయ్‌కి ఏడుగురు భార్యలు. వారిలో షువాంగర్‌కు సొంత వ్యక్తిత్వం ఉంది, మిగిలినవాళ్లు చాలావరకు విజేతకు దక్కిన బహుమతులే. మత్తులో పడి ఉన్న స్త్రీల మీద అతను చేసిన అత్యాచారాన్ని కథ నవ్వుతూ దాటేస్తుంది. గురువు, గ్రంథం, సింహాసనం అనే మూడింటినీ ప్రశ్నించిన రచయిత నాలుగో బహుమతిని ప్రశ్నించలేదు. ఆ పేజీలను క్షమించడం కష్టం.

సీరియల్ నడుస్తున్న రోజుల్లో, దీన్ని ఇంకెవరైనా రాస్తున్నారా అని పాఠకులు ఉత్తరాలు రాశారని జిన్ యోంగ్ మలిమాటలో చెప్పుకున్నారు. ఇది వుషియా కంటే చారిత్రక నవలకే దగ్గరన్నారు, రచయిత తన శైలినే మళ్లీ మళ్లీ రాయకూడదన్నారు. ఆయన తన పాత నవలలను రెండుసార్లు సరిదిద్దారు గానీ, దీని తర్వాత 2018 అక్టోబరు 30న కన్నుమూసేదాకా మరో నవల రాయలేదు.