లాసా యాత్రాగ్రంథాలు: వెళ్ళినవారు, ఆతిథ్యమిచ్చినవారు

యాత్రాగ్రంథాన్ని విమర్శించేటప్పుడు సాధారణంగా మూడు విషయాలు చూస్తాం: రచయిత ఏం చూశారు, ఎంత నిజాయితీగా చెప్పారు, ఎలా చెప్పారు. టిబెట్ రాజధాని లాసా గురించిన పుస్తకాలకు నాలుగో ప్రశ్న కూడా అవసరం. ఆ ప్రయాణానికి మూల్యం ఎవరు చెల్లించారు? శరత్ చంద్ర దాస్, ఎకాయ్ కవాగుచి రచనల ఆధారంగా దీన్ని పరిశీలిద్దాం.

నేపథ్యం

లాసా సముద్రమట్టానికి దాదాపు 3,650 మీటర్ల ఎత్తున ఉంది. అయితే అక్కడికి చేరడానికి కొండలకన్నా పెద్ద అడ్డంకి ప్రభుత్వ నిషేధం. 19వ శతాబ్దం చివరలో పరదేశీయులకు ఆ నగరంలోకి ప్రవేశం దాదాపు లేదు. డార్జిలింగ్‌లో ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసిన దాస్, బ్రిటిష్ ప్రభుత్వం కోసం సమాచారం సేకరిస్తున్న సంగతి దాచి, 1882 మే నెలాఖరున లాసా చేరారు. సుమారు రెండు వారాలు ఉన్నారు. మొదట రహస్యంగా ఉంచిన ఆయన నివేదికలు 1902లో లండన్‌లో పుస్తకంగా వెలువడ్డాయి.

దాస్ రచన: గుణం, లోపం

దాస్ పరిశీలన నిశితమైనది. వీధులు, ఉత్సవాలు, పెళ్ళిళ్ళు, వైద్యం, పాలన అన్నీ వివరంగా కనిపిస్తాయి. టిబెటన్ భాష తెలిసిన పండితుడు కావడంవల్ల మనుషులు ఆయన రచనలో వింతవస్తువులుగా మిగిలిపోరు. ముఖ్యంగా తనను ఆదరించిన సెంగ్‌చెన్ లామాను ఆయన ఆత్మీయంగా చిత్రించారు.

అయితే ఆ దినచర్యలోని కథ యాత్రతోనే ముగుస్తుంది. ఆతిథ్యమిచ్చిన వారి కథ అక్కడ ముగియలేదు. దాస్ అసలు పని బయటపడిన తరువాత సెంగ్‌చెన్ లామాను బంధించి, 1887లో నదిలో ముంచి చంపారు. ఈ సంగతి తెలిశాక పుస్తకం మళ్ళీ చదవండి. లామా చూపిన ప్రతి ఆదరణా ఆయనపై మోపబోయే నేరానికి సాక్ష్యంలా కనబడుతుంది. మాటలు మారలేదు, వాటి బరువు మారింది.

కవాగుచి రచన

జపాన్ బౌద్ధభిక్షువు కవాగుచి డార్జిలింగ్‌లో దాస్ సహాయంతోనే టిబెటన్ నేర్చుకున్నారు. ఆయన కూడా తన దేశం పేరు దాచి 1901లో లాసా చేరారు. 1902లో గుట్టు బయటపడటంతో నగరం విడిచారు. తనకు సహాయం చేసినవారు చెరసాల పాలయ్యారని తెలిసి, వారి విడుదల కోసం నేపాల్ వెళ్ళి అక్కడి ప్రధానమంత్రిని ఆశ్రయించారు. 1909 నాటి ఆంగ్లగ్రంథం 'టిబెట్‌లో మూడేళ్ళు'లో ఈ ప్రయత్నంతోపాటు సెంగ్‌చెన్ లామా మరణాన్నీ వివరించారు. మారువేషం విషయంలో ఇద్దరూ సమానులే. కానీ కవాగుచి కథనంలో యాత్ర సరిహద్దు దాటినా బాధ్యత ముగియదు. ఈ గ్రంథానికి నైతికమైన బలం ఇక్కడినుంచే వచ్చింది.

సారాంశం

దాస్ పుస్తకం సమాచారంగా విలువైనదే, దాన్ని తోసిపుచ్చనక్కరలేదు. అయితే యాత్రికుడి సాహసాన్ని మెచ్చుకోవడంతో విమర్శ ఆగిపోకూడదు. యాత్రికుడు తిరిగి వస్తాడు. తలుపు తీసినవాడు అక్కడే ఉండిపోతాడు. ఆ రెండోవాడికి పుస్తకంలో దక్కిన చోటు కూడా మన అంచనాలో భాగం కావాలి.

ఆలోచించండి: మీరు చదివిన ఏదైనా యాత్రారచనలో ఆతిథ్యమిచ్చినవారికి ఎంత చోటు దక్కిందో పది వాక్యాల్లో రాయండి.