హైదరీ విజ్ఞప్తి: ప్రాజెక్టు ప్రతిపాదనగా ఒక పఠనం

విద్యారంగంలో నిధులు కోరే నేటి ప్రతిపాదనలు చాలావరకు నిధిసంస్థ ప్రకటన నుంచే ప్రశ్నను అరువు తెచ్చుకుంటాయి. తార్నాకను ఆనుకొని ఉన్న ఉస్మానియా ప్రాంగణానికి మూలమైన ప్రతిపాదన అలాంటిది కాదు. 1917లో అక్బర్ హైదరీ నిజాముకు సమర్పించిన విజ్ఞప్తి, పరభాషలో చదువు విద్యార్థి జ్ఞాపకశక్తిపై మోపే భారాన్నే సమస్యగా గుర్తించి, ఉర్దూ మాధ్యమాన్ని సూచించింది. పాఠ్యగ్రంథాల కొరతకు అనువాద సంస్థ అదే ఏడు ఏర్పడింది. తరగతులు 1919లో గాని మొదలుకాలేదు. ఈ వరుసక్రమం నేటి ప్రతిపాదనల్లో అరుదు.

అయితే రాజ్యంలో అన్నిటికంటే ఎక్కువమంది మాట్లాడే భాష తెలుగు. తెలుగు, మరాఠీ, కన్నడ విద్యార్థులకు ఉర్దూ కూడా నేర్వవలసిన భాషే. పాలకుని భాషా, పరిష్కారమూ ఒకటే కావడం యాదృచ్ఛికం కాదు. 2022-23లో తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో ఆంగ్లమాధ్యమం ప్రవేశించాక, దానిపై ప్రతిపాదన రాసేవారు ముందుగా అడగవలసింది: ఆ బడిపిల్లల ఇంటిభాష ఏది?