ఛాయాచిత్ర కర్తృత్వం – సాహిత్య విమర్శ బాధ్యత

చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో జరిగే సాహిత్య సభల ఛాయాచిత్రాలు అంతర్జాల వ్యాసాల్లో కనిపిస్తుంటాయి. పద్యపాదానికి ఆకరం చూపే విమర్శకులు సైతం చిత్రం తీసినవారి పేరును విస్మరిస్తుంటారు. ‘సేకరణ’ అన్న మాట అనుమతికి ప్రత్యామ్నాయం కాదు. చిత్రంలో కనిపించే రచయిత ఆ చిత్రానికి కర్త కాడు. 1957 నాటి కాపీరైట్ చట్టం దృష్టిలో తీసినవారే కర్త. 2012 సవరణ తరువాత ఛాయాచిత్రానికి సైతం కర్త జీవితకాలం, ఆపై 60 ఏళ్లు రక్షణ ఉంది. 52వ సెక్షన్‌లోని మినహాయింపు విమర్శలో భాగమైన చిత్రానికి ఆసరా కాగలదు. కేవలం అలంకారంగా చేర్చిన చిత్రానికి ఆ ఆసరా దొరకడం కష్టం. హక్కులను బదిలీ చేసిన తరువాత కూడా కర్తగా గుర్తింపు కోరే హక్కును 57వ సెక్షన్ నిలుపుతుంది. పేరు పేర్కొన్నంత మాత్రాన అనుమతి పొందినట్లు కాదు. కనుక రచనకు పాటించే ఆకరనిష్ఠను విమర్శకులు చిత్రానికీ పాటించాలి.